లెక్కల బడిలో గుండు సున్నా

ఒంగోల్లో మునిసిపల్ హైస్కూళ్ళు చాలానే ఉన్నాయి గానీ, లెక్కల బడి అంటే మాత్రం ఒక్కటే. బోర్డు మీదున్న పొడుగాటి పేరు చెబితే ఆటోవాళ్ళు అడ్డంగా తల ఊపేవాళ్ళు. లెక్కల బడి అంటే సరాసరి గేటు ముందే దించేవాళ్ళు. లెక్కలూ సైన్సూ బాగా వచ్చే పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరుకుని, ఫీజు లేకుండా చదువు చెప్పే సర్కారు బడి అది. లెక్కలకి రోజూ రెండు పీరియడ్లు, సైన్సుకి వేరే ల్యాబు, మిగతా సబ్జెక్టులకి మిగిలిందేదో అది. డ్రాయింగు పీరియడ్ ఉందని టైంటేబుల్లో చదివానే గానీ, ఆ పీరియడ్‌ని కళ్ళతో చూసిన పాపాన పోలేదు.

నేను అందులో తొమ్మిదో తరగతిలో చేరాను. అప్పటిదాకా చదివింది అద్దంకిలో, తెలుగు మీడియం. మా నాన్న దూదేకి పరుపులు కుడతాడు. మా తాతల కాలంలో దూదేకే విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళట. మా నాన్న హయాం వచ్చేసరికి విల్లు పోయి మిషను వచ్చింది. దాన్ని ట్రాలీ ఆటోలో బిగించుకుని మిరప చేల మధ్య ఊళ్ళన్నీ తిరిగేవాడు. వాకిట్లోకి వచ్చి పాత పరుపు విప్పి, దూది ఏకి, సాయంత్రానికి కొత్త పరుపు కుట్టి ఇచ్చేవాడు. మా ఇంట్లో దూది లేని చోటు లేదు. జడలో దూది, పప్పులో దూది. భోజనాల దగ్గర పళ్ళెంలోంచి దూది పోగు తీసి పక్కన పెట్టడం మాకు కరివేపాకు తీసి పెట్టినంత మామూలు.

ఒంగోల్లో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. నాకు సీటు మొదటి జాబితాలో రాలేదు. ఎవరో చేరక ఖాళీ పడితే, రెండో జాబితాలో వచ్చింది. అలా వచ్చినవాళ్ళకి ఆ బళ్ళో ఒక నియమం ఉండేది. చేరిన రోజే హెడ్మిస్ట్రెస్ గారు నన్ను నిలబెట్టి చెప్పారు.

"మొదటి పాఠం అయిపోగానే నీకు లెక్కల్లో ఒక పరీక్ష పెడతాం. పాసైతే ఉంటావు, లేకపోతే టీసీ ఇచ్చి మీ ఊరు పంపించేస్తాం. బాధపడకూడదు."

బాధపడకూడదని ముందే చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. పడాలో వద్దో పడేవాళ్ళు చూసుకుంటారు కదా. అయినా ఆ రోజు బుద్ధిగా తలూపాను.

నిజానికి మొదటి వారంలో పంపించేసి ఉంటే నేనేమీ బాధపడేదాన్ని కాదు. బడి నాకు నచ్చలేదు. అందరూ ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాళ్ళు. నేను నోరు విప్పితే నా ఇంగ్లీషు కంటే ముందు నా చెమట బయటికి వచ్చేది. ఆ తర్వాత ఒక రోజు సైన్సు ల్యాబులో మైక్రోస్కోపు చూపించారు. ఇంటి దగ్గర్నుంచి ఏదైనా తెచ్చుకుని చూడండి అన్నారు. ఒకడు ఉల్లిపొర తెచ్చాడు, ఒకమ్మాయి చీమ కాలు తెచ్చింది. నేను ఏమీ తేలేదు. తెచ్చే పనేముంది, చున్నీ దులిపితే మా ఇంటి దూది పోగు ఒకటి రాలింది. దాన్నే గాజు పలక మీద పెట్టి చూశాను.

పోగు గుండ్రంగా దారంలా ఉంటుందనుకున్నాను. కాదు, బల్లపరుపుగా రిబ్బనులా ఉంది. ఉండటమే కాదు, మెలికలు మెలికలు తిరిగి ఉంది. మా వంశమంతా తరతరాలుగా ఏకుతున్న దూది ఇలా ఉంటుందని మా వంశంలో ఎవరూ చూడలేదు, నేను చూశాను. వెనకవాళ్ళు తోస్తున్నా కన్ను తీయలేదు. ఆ రోజు నుంచి నాకు ఆ బడి విడిచి పోవాలని లేదు. ఎంత లేదంటే, రాత్రి మేనత్త పక్కన పడుకుని, పాస్ చెయ్యి తండ్రీ అని గొణుక్కునేదాన్ని. మా మేనత్త నిద్రలోనే, "చేస్తాడులే, పడుకో" అనేది.

లెక్కల మేడం గుంటూరు నుంచి వచ్చిన చిన్న వయసావిడ. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే. తెలుగు చక్కగా మాట్లాడేది గానీ, లెక్క మొదలుపెడితే ఒక్క తెలుగు ముక్క వచ్చేది కాదు. భిన్నం అంటే ఆవిడకి తెలియదు, ఫ్రాక్షన్ అనాలి. పాఠం ఎక్స్‌ప్రెస్ బండిలా పోయేది, నాలాంటి చిన్న స్టేషన్లలో ఆగేది కాదు. నేను చేరేసరికే మొదటి పాఠం సగం అయిపోయింది.

తెలుగు మాస్టారి సంగతి వేరు. లెక్కల బళ్ళో తెలుగు మాస్టారంటే పెళ్ళివారింట్లో దూరపు చుట్టం లాంటివాడు. అందరూ గౌరవిస్తారు, ఎవరూ పని చెప్పరు. ఆయన పీరియడ్ రాగానే ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, ఈ ఒక్క పీరియడ్ ఇస్తే..." అనేవాళ్ళు. ఆయన చాక్‌పీసు జేబులో వేసుకుని వరండాలోకి వెళ్ళి కూర్చునేవారు. మొదటి రోజు నా పేరు విని, "ఇంట్లో ఉర్దూ మాట్లాడతారేమో, నీకు తెలుగు కష్టమవుతుందామ్మా?" అని మెల్లగా అడిగారు.

"మా ఇంట్లో ఉర్దూ ఎవరికీ రాదండి. మా నాయనమ్మకి కూడా రాదు" అన్నాను.

"మరి కోపం వస్తే ఏ భాషలో తిడుతుంది?"

"తెలుగేనండి. వీధి చివరిదాకా వినపడేట్టు తిడుతుంది."

ఆయన అంతగా నవ్వడం ఆ బళ్ళో ఎవరూ చూడలేదని తోటి పిల్లలు తర్వాత చెప్పారు.

ఇక నా చదువు నేనే చదువుకున్నాను. దానికి నాకొక పద్ధతి ఉండేది. ప్రతి ఇంగ్లీషు మాటకీ నాకు తెలిసిన తెలుగు మాటని జత కట్టేదాన్ని. పెళ్ళిళ్ళ పేరయ్య పనే. ఇప్పటి పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది, వాళ్ళకి ఈ బాధ లేదు. మాకు అలాంటివి లేవు. ట్రయాంగిల్ పక్కన త్రిభుజం, సెట్ పక్కన సమితి, అలా అన్నిటికీ సంబంధాలు కుదిర్చాను. మొదటి పాఠంలో రెండు మాటలు మిగిలాయి, రేషనల్, ఇర్రేషనల్. తెలుగులో కూడా రెండే మిగిలాయి, కరణీయ సంఖ్య, అకరణీయ సంఖ్య. ఇందులో ఆలోచించడానికేముంది? ఇంగ్లీషులో 'ఇర్' అంటే కానిది. తెలుగులో 'అ' అంటే కానిది. కానిదాన్ని కానిదానికి, అయినదాన్ని అయినదానికి ఇచ్చి చేశాను. ఇర్రేషనల్ అంటే అకరణీయం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పరీక్ష రోజు మేడం పేజీ నిండా సంఖ్యలు ఇచ్చింది. ప్రతి సంఖ్య పక్కనా అది రేషనల్ అయితే ఆర్ అని, ఇర్రేషనల్ అయితే ఐ అని రాయాలి. అంతకంటే సులువైన పరీక్ష నేను పుట్టి బుద్ధెరిగాక రాయలేదు. సంఖ్యల సంగతి నాకు తెలుసు. భిన్నంగా రాయగలిగింది అకరణీయం, రాయలేనిది కరణీయం, అది అద్దంకిలో మా మాస్టారు చెవి మెలిపెట్టి మరీ నేర్పించారు. చకచకా రాసి, అందరికంటే ముందు ఇచ్చి వచ్చేశాను. అన్నీ రాశానని చెబితే మా మేనత్త ఆ సాయంత్రం సేమ్యా చేసింది.

రెండో రోజు పేపరు ఇచ్చారు. పైన ఎర్ర సిరాతో సున్నా. గుండు సున్నా. మేడం ఏమీ అనలేదు, అందుకే ఇంకా భయమేసింది. తిట్టేవాళ్ళు ఉంచుకుంటారు, తిట్టనివాళ్ళు పంపించేస్తారు. మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ గారు మా నాన్నకి ఫోను చేయించి, మర్నాడు రమ్మన్నారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా మేనత్త నా బట్టలు మడిచి ట్రంకుపెట్టెలో సర్దింది.

మా నాన్న పొద్దున్నే వచ్చేశాడు. హెడ్మిస్ట్రెస్ గారి గదిలోకి నన్నూ పిలిచారు. లెక్కల మేడం నా పేపరు పట్టుకుని కిటికీ పక్కన నిలబడి ఉంది.

"కూర్చోండి" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"పర్లేదండి, నిలబడతా. నా బట్టలకి దూది ఉంటది, మీ కుర్చీకి అంటుకుంటది" అన్నాడు మా నాన్న.

"అమ్మాయి తెలివైనదేనండీ. కానీ ఇంగ్లీషు మీడియం అందుకోలేకపోయింది. ఇక్కడ వెనకబడి ఏడవడం కంటే, మీ ఊళ్ళో ముందుండటం మేలు కదా?"

"మేలేనండి" అన్నాడు మా నాన్న, వెంటనే.

కనీసం ఒక్కసారి బతిమాలతాడనుకున్నాను. దూది బేరానికి వెళ్ళినా అంత తొందరగా ఒప్పుకోడే. తల వంచుకుని నిలబడ్డాను. హెడ్మిస్ట్రెస్ గారు టీసీ పుస్తకం ముందుకు లాక్కున్నారు.

"ఇంతకీ ఎన్నొచ్చినయ్యండీ మా పిల్లకి?" అన్నాడు మా నాన్న.

"సున్నా అండి" అంది మేడం. "ఒక్కటి కూడా కరెక్ట్ కాలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా కాలేదండి."

మా నాన్న నా వైపు చూశాడు. తర్వాత ఆ పేపరు వైపు చూశాడు. ముఖం కందగడ్డలా అయింది.

"అదేందండీ. గుడ్డెద్దు చేలో పడ్డా నాలుగు మొక్కలన్నా నోటికి తగుల్తయ్యి గదా. పేజీ అంతా రాసిన పిల్లకి ఒక్కటన్నా తగల్లేదా?"

"ఉన్నవే రెండు జవాబులండి, ఆర్ లేకపోతే ఐ. అయినా కూడా..." అంటూ మేడం ఆగిపోయింది.

ఆ ఆగడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ పేపరు వెలుతురుకి తిప్పుకుని పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ కింది నుంచి పైకి చదివింది. ఆవిడ లెక్కల మేడం కదా, సంభావ్యత ఏమిటో ఆవిడకి నేను చెప్పాలా? రెండే జవాబులున్నచోట ఏమీ తెలియనివాడు కళ్ళు మూసుకుని రాసినా సగానికి అటూ ఇటూగా కుదురుతాయి. పేజీ నిండా ఒక్కటి కూడా కుదరకుండా రాయాలంటే అన్నీ తెలిసి ఉండాలి.

"రూట్ ఎనిమిదికి ఆర్ రాశావు, రూట్ తొమ్మిదికి ఐ రాశావు. ఎందుకు?" అంది నాతో.

"రూట్ తొమ్మిది అంటే మూడు కదండీ. మూడు బై ఒకటి అని రాయొచ్చు. రూట్ ఎనిమిదిని అట్లా రాయలేం."

"'పై' గుర్తుకీ, ఇరవై రెండు బై ఏడుకీ వేరే వేరే రాశావు. క్లాసులో సగం మంది రెండూ ఒకటే అని రాశారు."

"ఇరవై రెండు బై ఏడు భిన్నమే కదండీ. 'పై' విలువ దానికి దగ్గరగా ఉంటుంది గానీ అదే కాదు. అందుకని ఇరవై రెండు బై ఏడు అకరణీయం, 'పై' కాదు."

"ఏ కరణీయం?"

"అకరణీయం అండి. ఇర్రేషనల్."

మేడం హెడ్మిస్ట్రెస్ గారి వైపు చూసింది, తర్వాత తలుపులోంచి వరండాలోకి చూసింది. తెలుగు మాస్టారు మామూలుగానే తన పీరియడ్ ఎవరికో ఇచ్చేసి అక్కడ కూర్చుని ఉన్నారు. ఆయన్ని లోపలికి పిలిచి, "మాస్టారూ, అకరణీయం అంటే ఏంటండీ?" అని అడిగింది. లెక్కల మేడం తనని ఒక మాటకి అర్థం అడగడం ఆయన సర్వీసులో అదే మొదలనుకుంటాను. ఉత్తరీయం లేదు గానీ, ఉంటే సర్దుకునేవారే.

"అ ముందుంటే కాదనే అర్థమమ్మా. న్యాయం, అన్యాయం. శుభం, అశుభం. కరణీయం కానిది అకరణీయం. మీ ఇర్రేషనల్‌లో ఇర్ కూడా అంతే కదా? పిల్ల సరిగ్గానే జత చేసింది."

నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంతలో హెడ్మిస్ట్రెస్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వితే గాజులు చప్పుడవుతాయని ఆ రోజే తెలిసింది.

"వ్యాకరణం సరిగ్గానే ఉంది మాస్టారూ, అందుకే కొంప మునిగింది. నేను దర్శి వైపు జిల్లా పరిషత్ బళ్ళలో ఏళ్ళ తరబడి తెలుగు మీడియానికి లెక్కలే చెప్పాను. కరణి అంటే రూటు గుర్తు కింద ఇరుక్కుని బయటికి రాలేని సంఖ్య. కరణి కానిది అకరణీయం, అంటే రేషనల్. కాదనే మాటని మనవాళ్ళు ఒకదానికి తగిలించారు, ఇంగ్లీషువాళ్ళు రెండోదానికి తగిలించారు. ఈ పిల్ల రెండు కాదుల్నీ తీసుకెళ్ళి ఒకే గుంజకి కట్టేసింది."

"అంటే ఆర్ ఉన్నచోట ఐ, ఐ ఉన్నచోట ఆర్ చదివితే..." అంది మేడం.

"నూటికి నూరు."

మేడం ఒక తెల్ల కాయితం తీసుకుని, అక్కడికక్కడే చేత్తో కొత్త సంఖ్యలు రాసి నా ముందు పెట్టింది. మాస్టారి చాక్‌పీసు తీసుకుని గోడకున్న బోర్డు మీద ఇంగ్లీషు మాట రాసి, పక్కన తెలుగు మాటని, అక్షరాలు ఆయన్ని అడిగి మరీ రాసింది. నేను స్టూలు మీద కూర్చుని రాశాను. మా నాన్న గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, నా చెయ్యి కదిలినప్పుడల్లా తన పెదాలు కదిలించాడు. అందులో ఒక్క గుర్తు కూడా ఆయనకి తెలియదు.

అన్నీ సరిపోయాయి. మేడం పాత పేపరు మీది సున్నా మాత్రం కొట్టెయ్యనంది. "ఎగ్జామ్‌లో రాసింది రాసిందే" అంది. ఆవిడా నాలాంటి మొండిదే. హెడ్మిస్ట్రెస్ గారు టీసీ పుస్తకం సొరుగులో పెట్టేస్తూ, "సున్నా కాయితం మీద ఉండనివ్వు. పిల్ల బళ్ళో ఉంటుంది" అన్నారు.

నేను గాల్లో తేలుతూ మా నాన్నతో బయటికి వచ్చాను. ఆటో వేపచెట్టు కింద ఉంది. ట్రాలీలో దూదేకే మిషను లేదు. బోల్టులు విప్పి ఇంటి దగ్గర దించేసి, ట్రాలీ కడిగి, నా ట్రంకుపెట్టె గీసుకుపోకుండా అడుగున పాత దుప్పటి పరిచి తెచ్చాడు.

"అన్నీ తప్పు రాసినా ఉంచుకునే బడి నేనెక్కడా చూళ్ళేదమ్మా" అన్నాడు నవ్వుతూ. తర్వాత ఆ దుప్పటిని మడిచి సీటు కింద పెడుతూ, నా ముఖంలోకి చూడకుండా, "మీ అమ్మ పొద్దున్నే నీ మంచం ఎండలో వేసింది. నీకని కొత్త పరుపు కుట్టా, మెత్తటి బూరుగు దూది. ఇప్పుడు పోయి ఏం చెప్పాలో ఏమో" అన్నాడు.

"నాన్నా, నేను రావాలని ఉందా నీకు?"

"లేకపోతే? నువ్వు లేకుండా ఆ ఇల్లు ఇల్లు మాదిరి లేదు. నిజం చెప్పనా? వచ్చేటప్పుడు దార్లో దర్గా కాడ ఆగా. వాళ్ళు పిల్లని పంపిచ్చేటట్టు చూడు తండ్రీ, పోయేటప్పుడు నీ ముందు చక్కెర పెట్టి చదివిచ్చిపోతానని మొక్కుకున్నా."

లోపల ఆయన అంత తొందరగా 'మేలేనండి' అని ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది.

"మరి లోపల ఆ గుడ్డెద్దు మాట ఎందుకన్నావ్? నువ్వు ఊరుకుని ఉంటే నన్ను పంపించేసేవాళ్ళు కదా?"

"ఏం చెయ్యను. ఒక్కటి కూడా రాలేదంటే నాకు మనసొప్పలా. నా బిడ్డకి ఒక్కటన్నా రాకపోవటమేంది? నోరు ఆగలా."

జేబులోంచి చక్కెర పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. "మొక్కు తీరలా. ఇది నువ్వు తిను" అని, ఆటో స్టార్ట్ చేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఖాళీ ట్రాలీ గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ పోయింది. లోపల గంట కొట్టారు. నేను గేటు పట్టుకుని నిలబడి, ఏడుస్తూ, ఆ చక్కెరంతా తినేశాను.